పడవ వచ్చాకే క్లాసు

పదకొండు గంటల నలభై నిమిషాలకు ఒక ఫైబర్ పడవ ఒడ్డు తగిలింది. రోజూ తగిలేదే. ఆ జాలరి పేటలో పడవ వచ్చిందని ఎవరూ గడియారం చూసుకోరు. ఆ రోజు మాత్రం ఒడ్డున ఉన్న నలుగురు అధ్యాపకులం చూసుకున్నాం. మాలో ఒకాయన పొద్దుటి నుంచీ చూసుకుంటూనే ఉన్నారు. ఆ పడవ రాకపోతే మా విద్యార్థిని నసీమా వైవా జరగదు. వైవా జరగకపోతే ఆమెకు ఎం.ఏ. పట్టా రాదు. ఇంకో ఏడాది చదివించడానికి ఇంట్లో ఒప్పుకోరు.

ఆ వైవా సంగతి రాయమని, మా విభాగంలో కొత్తగా చేరినవాళ్ళు అడిగారు. నేను విద్యాశాస్త్ర విభాగంలో చేరి అక్కడే రిటైరయ్యాను. చివరి పదేళ్ళలో ఎక్కువ భాగం ‘యువజన వికాసం, సామాజిక ఆవిష్కరణ’ అనే రెండేళ్ళ కోర్సులో పాఠాలు చెప్పాను. ప్రమోషన్లు, కమిటీలు, తనిఖీ బృందాల భోజనాలు ఇక్కడ రాయడం లేదు. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకలాగే ఉంటాయి. ఈ ఉద్యోగం నిజానికి ఏమిటో నాకు ఆ పేటలో తెలిసింది. తెలిసేలా చేసింది నా సహోద్యోగి సుభద్ర గారు. ఆవిడ ఉంటే ఇది ఆవిడే రాసేవారు, నాకంటే తక్కువ మాటల్లో. గత చలికాలంలో పోయారు. అందుకని నేను రాస్తున్నాను.

నిషేధం మాస్టార్లు

మా కోర్సులో ఆఖరి మెట్టు క్షేత్రపని. విద్యార్థి ఒక పేటకో బస్తీకో వెళ్ళి అక్కడి యువకులతో కలిసి ఏదో ఒకటి మొదలుపెట్టాలి. చదువు మానేసినవాళ్ళకు ఓపెన్ స్కూల్ పదో తరగతి కేంద్రం, గ్రంథాలయం, కుట్టుపని, ఏదైనా సరే. దాన్ని నడిపి, నివేదిక రాసి, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు సమర్థించుకోవాలి. తరగతులు అయిపోయాక ఖాళీ దొరికేది వేసవిలోనే కాబట్టి, ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా క్షేత్రపని అని క్యాలెండర్‌లో పెట్టారు. ఎవరు పెట్టారో నాకు తెలియదు. నేను ఈ కోర్సులోకి వచ్చేటప్పటికే అలా ఉంది.

తూర్పు తీరంలో సరిగ్గా ఆ రోజుల్లోనే వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక మరబోట్లు, మోటారు పడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. పడవలన్నీ ఇసుక మీద బోర్లించి ఉంటాయి. మగవాళ్ళు, కుర్రాళ్ళు అందరూ ఇంటి దగ్గరే ఉంటారు. బడులకూ సెలవులు. ఆ రోజుల్లో ఆ పేటలో ఏ కేంద్రం తెరిచినా నిండుతుంది. చాప పరిచి కూర్చున్నా నిండుతుంది.

మా విద్యార్థులు వెళ్ళేవారు. రామాలయం పక్క హాల్లో బ్యానరు కట్టేవారు, రిబ్బను కత్తిరించేవారు. హాలు నిండిన ఫోటోలు తీసేవారు. జూన్ మధ్యలో నిషేధం ఎత్తేసేవారు. పడవల ముక్కుకు పసుపు రాసి, గంగమ్మకు మొక్కి, పేట మొత్తం సముద్రంలోకి వెళ్ళిపోయేది. కేంద్రానికి తాళం పడేది. అప్పటికి నివేదిక మా బల్ల మీద ఉండేది. మరుసటి ఏప్రిల్‌లో కొత్త బ్యాచ్ వెళ్ళి అదే హాల్లో మళ్ళీ రిబ్బను కట్టేది. నివేదికలన్నింటిలోనూ ‘విశేష స్పందన లభించింది’ అని ఉండేది. అబద్ధం కాదు. స్పందన లభించిన మాట నిజమే.

ఒక ఏడు ప్రారంభోత్సవానికి నేనూ సుభద్ర గారూ వెళ్ళాం. హాలు మెట్ల మీద చేపలమ్మే నూకాలమ్మ కూర్చుని ఉంది. పేటలో పెద్ద గొంతు ఆవిడది.

“నిషేధం మాస్టార్లొచ్చినారు, కుర్సీలెయ్యండ్రా” అంది లోపలికి చూసి.

మేం నవ్వాం. మా విద్యార్థి ఒకడు రిబ్బను కోసం సంచి వెతుకుతుంటే ఆవిడ మళ్ళీ అంది: “కొనకండి బాబూ. పోయినేడుది మా కోడలి పెట్లో ఉంది. మీ రిబ్బన్లతోటే కదేటి నా మనవరాలికి జడలేత్తన్నాను.”

అందరం ఇంకా నవ్వాం. సుభద్ర గారు నవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అన్నారు: “మాస్టారూ, ఆవిడ జోకెయ్యలేదండి. మన కోర్సుకి మార్కులేసింది.”

కేరమ్ బల్ల

సుభద్ర గారిది కంచరపాలెం. వాళ్ళ నాన్న రైల్వేలో ఫిట్టరు. ఇంటి వెనకే పట్టాలు. గూడ్సు బండి వెళ్తుంటే అక్కడ సంభాషణ ఆగిపోతుంది, వెళ్ళాక ఆగిన మాట దగ్గరే మళ్ళీ మొదలవుతుంది. ఆవిడ క్లాసులో కూడా కంచరపాలెం తెలుగే మాట్లాడేవారు. కొందరు సహోద్యోగులకు అది నచ్చేది కాదు. ‘కాస్త ప్రామాణికంగా మాట్లాడవచ్చు కదా’ అని ఒకాయన నాతో అన్నారు. ఆవిడతో అనలేదు.

నేను కోర్సులోకి వచ్చిన కొత్తలో కంచరపాలెంలోనే ఒక కుర్రాళ్ళ గుంపుతో పని చేయాల్సి వచ్చింది. నేను ప్రశ్నావళి పట్టుకుని వెళ్ళాను. వాళ్ళు మర్యాదగా జవాబులు చెప్పారు. అన్ని జవాబులూ నాకు నచ్చేవే. సుభద్ర గారు ఏ కాగితమూ తీసుకెళ్ళలేదు. సాయంత్రాలు వాళ్ళ కేరమ్ బల్ల దగ్గర నిలబడేవారు. తరువాత ఆడడం మొదలుపెట్టారు. బాగా ఆడేవారు, అది కొంత పనికొచ్చింది. చాలా రోజుల తరువాత ఒక కుర్రాడు స్ట్రైకర్ సరిచేసుకుంటూ, తల ఎత్తకుండా, తనకు చదవడం రాదని చెప్పాడు. నా ప్రశ్నావళిలో అతను ఇంటర్ ఫెయిల్.

ఆవిడ నాకు దీని మీద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. “సేతికి పనుంటే నోరు తెరుసుకుంటాదండి” అన్నారు, అంతే. ఆ మాట మా క్లాసులో ఎన్నో పుస్తకాలు చేయని పని చేసింది. తరువాతెప్పుడో ఆవిడ దాన్ని క్లాసులో చెప్పినప్పుడు నసీమా మొదటి సంవత్సరంలో ఉంది. మొదటి వరసలో కూర్చుని విన్నది.

రెండేళ్ళ మాట

నసీమా వాళ్ళది ఓడరేవు పక్క వన్ టౌన్. తండ్రి గౌస్ గారికి గడియారాలు బాగుచేసే కొట్టు. ఓడల మీద వచ్చిన గోడ గడియారాలు ఇప్పటికీ ఆయన దగ్గరికి వస్తాయి. కూతురిని యూనివర్సిటీకి పంపడానికి బంధువులు ఒప్పుకోలేదు. ఆయన రెండేళ్ళు చదివిస్తానని అందరి ముందూ మాట ఇచ్చి పంపారు. రెండేళ్ళ తరువాత ఆమె పెళ్ళి విషయం బంధువుల చేతికి వస్తుంది. పట్టా చేతిలో ఉంటే ఉద్యోగం చేసే కోడలు కావలసినవాళ్ళు అడుగుతారని, లేకపోతే ఎవరు అడిగితే వాళ్ళేనని ఆమె మాతో మామూలుగా చెప్పింది, బస్సు టైము చెప్పినట్టు.

రెండో ఏడు ఏప్రిల్‌లో ఆమెను ఆ పేటకే వేశారు. ఓపెన్ స్కూల్ పదో తరగతి కేంద్రం తెరిచింది. రిబ్బను కట్టలేదు. హాలు మామూలుగానే నిండింది. ఎల్లాజీ అనే కుర్రాడు, ఇంకా అతని ఈడువాళ్ళు రోజూ వచ్చేవారు. పది పాసైతే డీజిల్ మెకానిక్ ఐటీఐలో చేరాలని ఎల్లాజీ ఆశ. జూన్ మధ్యలో పడవలు వెళ్ళాయి. మరునాడు నసీమా హాల్లో ఒక్కతే కూర్చుంది. ఆ మరునాడూ అంతే.

మిగతా విద్యార్థులు నివేదికలు ఇచ్చేశారు. నసీమా కూడా గడువుకే ఇచ్చింది. అందులో చివరి అధ్యాయం ఒకటిన్నర పేజీ. కేంద్రం ఏ రోజున మూతపడిందో, ఎందుకు పడిందో, ముందటి ఏళ్ళ కేంద్రాలు కూడా అదే కారణంతో అదే రోజుల్లో ఎలా మూతపడ్డాయో రాసింది. పేటలో తనకు ముందు వచ్చిన మా విద్యార్థులను ఏమని పిలుస్తారో కూడా రాసింది.

చలపతిరావు గారి గది

అప్పుడు మా విభాగాధిపతి చలపతిరావు గారు. ఆయన గురించి న్యాయంగా రాయాలి. కోర్సుకు గదులు, కంప్యూటర్లు, రెండు కొత్త పోస్టులు సంపాదించింది ఆయనే. పైవాళ్ళతో మాట్లాడడం నాకూ సుభద్ర గారికీ జన్మలో రాలేదు, ఆయనకు వచ్చు. కానీ ఆయనకు ఏ పనైనా ఫోటోలో కనబడితేనే జరిగినట్టు. తలుపు పక్కన గోడ నిండా ప్రారంభోత్సవాలు. ఏ ఒక్క ముగింపూ లేదు.

నసీమా నివేదిక ఆయన బల్ల మీద ఉంది. మమ్మల్నిద్దరినీ కూర్చోమన్నారు.

“ఇది బయటివాళ్ళకి చూపిస్తామా మాస్టారూ? మన పరువు మనమే తీసుకుంటామా?”

“నిజమే కదా సార్” అన్నాను.

“నిజం కాదని నేనన్నానా? హాలు నిండిన ఫోటోలు ఆ అమ్మాయి దగ్గర కూడా ఉన్నాయి. అవి పెట్టి, చివరి అధ్యాయం తీసేసి తెమ్మనండి. అది కూడా నిజమే కదా.”

సుభద్ర గారు అన్నారు: “తియ్యదండి.”

“మీరు అడిగారా?”

“అడగలేదు. నాకు తెల్సు.”

“అయితే ఈసారికి వైవాకి పంపను. వచ్చే ఏడు మళ్ళీ చేసుకోమనండి.”

వచ్చే ఏడు అనేది ఆమెకు లేదని మేం చెప్పాం. ఆయనకూ కూతుళ్ళున్నారు. “ఆగస్టు చివరికి మిగిలిపోయినవాళ్ళకి వైవా పెడతాం కదా” అన్నారు చివరికి. “అప్పటికి కేంద్రం నడుస్తూ ఉండాలి. కళ్ళతో చూస్తాను. నడవకపోతే నేనేమీ చెయ్యలేను.”

బయటికి వచ్చాక నాకు బెంగ పట్టుకుంది. వేట రోజుల్లో ఆ పేటలో కేంద్రం నడిపినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. సుభద్ర గారి ముఖంలో సంతోషం. “ఆయనకి తెలీకుండానే సరైన పరీచ్చ పెట్టీసినారండి” అన్నారు.

మర్నాడు గౌస్ గారి కొట్టుకు వెళ్ళాను, గడువు కాస్త పెంచుతారేమోనని. ఆయన కంటికి భూతద్దం తీయకుండానే నా మాట విన్నారు.

“రెండేళ్ళన్నాను మాస్టారూ. ఆగస్టు దాకా అంటున్నారు, సరే, అదీ రెండేళ్ళలోకే లెక్కేసుకుంటాను. మూడోది అడక్కండి. నాను మాట మీద నిలబడతన్నాను. మీ యూనివర్సిటీని కూడా నిలబడమనండి.”

వల పాక

నసీమా హాలు తాళం తిరిగి ఇచ్చేసింది. ఒక వారం పాటు ఏమీ తెరవలేదు. పేటలో ఊరికే తిరిగింది. ఫైబర్ పడవలు తెల్లవారక ముందే వెళ్తాయి, పొద్దెక్కాక ఎప్పుడో వస్తాయి. ఎప్పుడనేది గాలినీ చేపనూ బట్టి. వచ్చాక చేప దించాలి, ఆడవాళ్ళు అమ్మకానికి తీసుకెళ్తారు, కుర్రాళ్ళు తిని కాసేపు నడుం వాలుస్తారు. తరువాత తాటాకు పాకలో కూర్చుని చిరిగిన వలలు కుడతారు. రోజూ కుట్టాలి. రెండు మూడు గంటలు పడుతుంది. ఆ వేళ చేతులకు పని ఉంటుంది, చెవులకు ఉండదు.

నసీమా పాకలో కూర్చుని పదో తరగతి పుస్తకం పైకి చదవడం మొదలుపెట్టింది. ఎవరినీ రమ్మనలేదు. మొదటి రోజు ఎల్లాజీ, “ఏటక్కా, ఇక్కడా వదలవా?” అన్నాడు. రెండో రోజు, నిన్న ఆపిన చోటు నుంచి చదవమన్నాడు. రాయడం మాత్రం గాలి రోజులకు వదిలేసింది. సముద్రం బాగాలేదని హెచ్చరిక వచ్చి పడవలు ఆగిన రోజున పలకలు, కాగితాలు బయటికి వచ్చేవి. వేళాపట్టిక లేదు. పడవ వచ్చాకే క్లాసు. ఆ సంగతి పేటలో ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది, ఎందుకంటే అక్కడ అన్నీ అలాగే జరుగుతాయి.

ఒకసారి నేను వెళ్ళి చూశాను. విభాగంలో కూర్చుని చదివిన ఏ పద్ధతికీ అది సరిపోలేదు. బల్లలు లేవు, హాజరు లేదు, సగం మంది ఆమె వైపు చూడడం లేదు. ఇరవై నిమిషాలు కూర్చున్నాక నాకు అర్థమైంది. ఎవరో ఒకడు మధ్యలో ఆపి, “అది మళ్ళీ సెప్పు” అంటున్నాడు. నేను పాఠం చెప్పిన హాళ్ళలో ఆ మాట చాలా అరుదుగా విన్నాను.

ఒక సమస్య మిగిలింది. అది సుభద్ర గారికి ముందే తట్టింది, నసీమాను అడిగారు: “నువ్వెల్లిపోయేక ఎవరు సదువుతారమ్మా?” నసీమా వలలు కుడుతున్నవాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. “అయితే నీ పని ఇంకా అవ్వలేదు” అన్నారు ఆవిడ. మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు.

ఆ రోజు

ఆగస్టు చివర వైవాకు వేరే యూనివర్సిటీ నుంచి విశ్వనాథం గారు వచ్చారు. కఠినుడని పేరు. సుభద్ర గారు ముందే ఆయనకు ఫోన్ చేసి, చివరి అధ్యాయం గొడవంతా చెప్పి, పేటకు రాగలరా అని అడిగారు. “క్షేత్రపనికి వైవా క్షేత్రంలో పెడితే తప్పేముంది?” అన్నారట ఆయన. చలపతిరావు గారికి అభ్యంతరం చెప్పడానికి వీల్లేకపోయింది. కళ్ళతో చూస్తానన్నది ఆయనే.

తొమ్మిదిన్నరకు వెళ్ళాం. పడవలు రాలేదు. పాకలో నసీమా, ఒక మూల వలల గుట్ట, అంతే.

“ఎన్ని గంటలకు క్లాసు?” అన్నారు చలపతిరావు గారు.

“పడవ వచ్చాక సార్.”

“అది ఎన్ని గంటలకు?”

“వచ్చాక తెలుస్తుంది సార్.”

ఆమె పొగరుగా అనలేదు. ఆయన నా వైపు చూశారు. నేను సముద్రం వైపు చూశాను. ఉన్న విషయం రాస్తున్నాను: నాకు భయంగానే ఉంది. దూరంగా మబ్బు పట్టి ఉంది. పడవలు మధ్యాహ్నం దాటి వస్తే విశ్వనాథం గారి రైలు వెళ్ళిపోతుంది. ఆయన బోర్లించిన చేపల పెట్టె మీద జేబురుమాలు పరుచుకుని కూర్చున్నారు.

నూకాలమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఖాళీ గంపలతో ఒడ్డున ఎదురుచూస్తున్నారు.

“ఈ బాబెవులు?” అంది నూకాలమ్మ.

“పరీక్ష పెట్టడానికి వచ్చారమ్మా” అన్నాను.

“మా గుంటలకా?”

“కాదు, నసీమాకి.”

“ఈ పిల్లకా?” అని ఆవిడ గంప కింద పెట్టి విశ్వనాథం గారి ఎదురుగా కూర్చుంది. “అయితే మేవూ ఉంటాం. బాబూ, కష్టవైనవి అడక్కండి. పిల్ల పొద్దుట్నించీ ఏటీ తిన్లేదు.”

విశ్వనాథం గారు నవ్వాపుకుంటూ, “మీరు ఇక్కడే ఉంటే చేప ఎవరు అమ్ముతారు?” అన్నారు.

“చేప వచ్చినప్పుడు సూద్దారి. మీకు బూట్లలోకి ఇసక ఎల్లిపోతంది, ముందది సూసుకోండి.”

పదకొండు నలభైకి మొదటి పడవ వచ్చింది. దాని వెనక ఇంకో రెండు. కుర్రాళ్ళు దిగారు. మమ్మల్ని చూసి కూడా ఎవరూ తొందరపడలేదు. చేప దించారు, పడవ లాగారు, ఇళ్ళకు వెళ్ళి తిని వచ్చారు. ఒంటిగంట దాటింది. ఒక్కొక్కరే పాకలోకి వచ్చి వల ముందేసుకున్నారు. “ఒరే బావా, ఆ సివర ఇలగియ్యి” అని ఎల్లాజీ ఎవరినో పిలిచాడు. చెక్క సూదులు కదలడం మొదలైంది.

అప్పుడు నసీమా లేవలేదు. మా పక్కనే, ఇసుకలో కూర్చునే ఉంది. పేట లోపలి నుంచి ఒక పొట్టి మనిషి చంకలో పిల్లతో, చేతిలో పుస్తకంతో వచ్చి వలల మధ్య కూర్చుంది. నూకాలమ్మ కోడలు దేముడమ్మ. పెళ్ళికి ముందు పది చదివింది. పిల్లను అత్తగారి ఒళ్ళో పడేసి, పేజీ తిప్పి, రక్త ప్రసరణ పాఠం పైకి చదవడం మొదలుపెట్టింది. మొదట్లో మమ్మల్ని చూసి గొంతు తగ్గించింది. ఎల్లాజీ అన్నాడు: “వదినా, గట్టిగా. మాస్టార్లు కూడా ఇనాల.”

ఆమె చదివింది. మధ్యలో రెండుసార్లు ఎవరో ఆపారు, ఆమె వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పింది. ఒకచోట ఆమెకే తెలియలేదు, నసీమా వైపు చూసింది. నసీమా ఒక్క మాట అందించి ఊరుకుంది. అరగంట అయ్యాక విశ్వనాథం గారు పెట్టె మీది నుంచి లేచి, వల పక్కన నేల మీదే కూర్చున్నారు.

“గుండెలో ఎన్ని గదులు?” అని ఎల్లాజీని అడిగారు.

అతను సూది ఆపకుండానే, “నాలుగండి. కుడేపు సెడు రగతం, ఎడవేపు మంచి రగతం. రెండూ కలవవు” అన్నాడు.

“పరీక్షలో ఇలాగే రాస్తావా?”

“పరీచ్చలో పుస్తకం బాస రాత్తాను సార్. ఇక్కడ మాటాడుకుంటన్నాం కదా.”

పాకలో అందరూ నవ్వారు. చలపతిరావు గారు కూడా.

విశ్వనాథం గారు మా వైపు వచ్చారు. నివేదిక తెరవలేదు. నసీమాను ఒకే ప్రశ్న అడిగారు.

“మీరు వెళ్ళిపోతే ఏమవుతుంది?”

“ఈ రోజు నేనేమీ చెప్పలేదు సార్” అంది నసీమా. “మీతోనే కూర్చున్నాను. మూడు వారాలుగా ఇలాగే కూర్చుంటున్నాను.”

ఆయన చలపతిరావు గారి వైపు తిరిగి, “ఆ చివరి అధ్యాయం తీసెయ్యకండి. అదే అసలు పని. ఇది దాని ఫలితం” అన్నారు. వైవా అయిపోయింది. నూకాలమ్మకు అర్థం కాలేదు. “ఏటి, ఒక్కటే అడిగినారా? దీనికోసవేనా పొద్దుట్నించీ మా పిల్లని ఎండబెట్టినారు?” అని, పాసా కాదా చెప్పేదాకా ఆయనను దారి వదల్లేదు.

పాస్ అని ఆయన చెప్పారు. సుభద్ర గారు సముద్రం వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు, చాలాసేపు.

తరువాత

మేం గెలిచాం. ఈ మాట రాయడానికి నాకు మొహమాటం లేదు. ఈ ఉద్యోగంలో గెలుపులు చిన్నవి. చాలావరకు అవి గెలుపులని కూడా తెలియదు. ఇది తెలిసింది.

పట్టా తీసుకున్న రోజున గౌస్ గారు దాన్ని కొట్టులో, నడుస్తున్న గడియారాల మధ్య తగిలించారు. నసీమా ఇప్పుడు తీరం వెంట పేటల్లో ఇలాంటి పాకల పని చూస్తోంది. ఆ ఉద్యోగం చూసి బంధువులు తొందరపెట్టలేదు; పెళ్ళి చేసుకుంది, తనకు నచ్చినప్పుడు. ఎల్లాజీ పది పాసై ఐటీఐ చేశాడు. ఇప్పుడు పేటలో పడవల ఇంజన్లన్నీ అతని చేతి మీదుగానే వెళ్తాయి. దేముడమ్మ ఇంకా చదివి వినిపిస్తోంది. వినేవాళ్ళు మారారు.

చలపతిరావు గారి సంగతి కూడా చెప్పాలి. పేట నుంచి తిరిగి వస్తూ కారులో, “మీరిద్దరూ కలిసి నన్ను పొద్దుటి నుంచీ ఇసుకలో నిలబెట్టారు. క్యాలెండర్ మార్చకపోతే వచ్చే ఏడు మళ్ళీ నిలబెడతారు కాబోలు” అన్నారు. సుభద్ర గారు, “నిలబెడతామండి” అన్నారు. ఆయన వెళ్ళి పైవాళ్ళతో మాట్లాడారు. మా వల్ల కానిది ఆయన వల్ల అయింది. క్షేత్రపని జూన్ చివర మొదలై చలికాలం దాకా సాగేలా మారింది. మీ పై అధికారి మీకు అడ్డం పడితే, ఆయనను ఒకసారి పనిచోటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి చూడండి. అందరూ మారతారని నేను చెప్పను. కొందరు మారతారు.

కొత్తవాళ్ళకు ఇంకొకటి చెప్పాలి. మొదటి వారంలోనే మీ హాలు నిండితే సంతోషించే ముందు, వాళ్ళకు ఆ రోజుల్లో వేరే పని లేదేమో కనుక్కోండి. వాళ్ళు తీరిక లేని రోజున కూడా వస్తే, అప్పుడు నివేదిక రాయండి. ‘సమాజ భాగస్వామ్యం’ అన్న మాట మీద నేను చాలా చదివాను. వాటిలో చాలావరకు నాకిప్పుడు గుర్తులేదు. ఇది గుర్తుంది.

సుభద్ర గారు పోయిన రోజు కంచరపాలెంలో ఆ ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గూడ్సు బండి వెళ్తోంది. ఎవరి మాటా ఎవరికీ వినబడడం లేదు. బండి వెళ్ళాక చూస్తే నూకాలమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది, ఆవిడ వెనక దేముడమ్మ, ఎల్లాజీ, పాకలోవాళ్ళు. వేట రోజు అది. చేపలు దిగే వేళ. ఆ రోజు అమ్మకం వదులుకుని వచ్చారు. సుభద్ర గారి గురించి ఆ రోజు చాలామంది మంచి మాటలు చెప్పారు. వాళ్ళు సాయంత్రం దాకా ఉండి వెళ్ళారు.

వేట నిషేధం రోజుల్లో మా విభాగం ఇప్పుడు ఏ పేటకూ విద్యార్థులను పంపడం లేదు. రిబ్బను కత్తిరించడం మానేశారు.